జబర్దస్త్ - నాకిష్టులైన నటులు
(సూరతులో మన సమాజపు ఉగాది సభయందు చేసిన ప్రసంగపాఠము)



ప్రతి సంవత్సరము ఉగాది సభలో ఎవరో యొకరు తిక్కనగారిని గూర్చియో, పోతనగారిని గూర్చియో ప్రసంగించుట మన సమాజమున ఆచారముగా వచ్చుచున్నది. ఈ యేడు కార్యదర్శిగారు నా యొద్దకు వచ్చి, "మీరు అరగంటసేపు మాటలాడవలెను" అనిరి. "ఏ విషయమును గూర్చి?" అని అడిగితిని. "మీకు బాగుగా తెలిసిన దానిని గూర్చి" అని వారు సెలవిచ్చిరి. రాత్రియంతయు ఆలోచించితిని. నాకు బాగుగా తెలిసినవి రెండే రెండు. ఒకటి మా కార్యాలయములోని ఫైళ్లు. రెండవది ఈటీవీవారి జబర్దస్త్ కార్యక్రమము. మొదటిదానిని గూర్చి పండుగనాడు మాటలాడినచో మీరు నన్ను క్షమింపరు. కావున రెండవదాని నెన్నుకొంటిని.

ముందువరుసలోని పెద్దలు కొందరు మొగము చిట్లించుట నాకు కనబడుచునే యున్నది. వారి అభ్యంతరములు నేనెరుగని వేమియు కావు. వానికి నా వంతు సమాధానము చెప్పుటకును, నా వంతు తప్పు నొప్పుకొనుటకును ఈ అవకాశమును వినియోగించుకొందును.

మొదట కొంచెము చరిత్ర. జబర్దస్త్ 2013వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేది గురువారమున ప్రారంభమయ్యెను. నిర్మించిన సంస్థ మల్లెమాల. మల్లెమాల యనునది కవియు, చలనచిత్ర నిర్మాతయు నైన ఎమ్.ఎస్.రెడ్డిగారి కలముపేరు. వారి కుమారుడు శ్యాంప్రసాద్ రెడ్డిగారు 'అమ్మోరు', 'అరుంధతి' చిత్రములను నిర్మించినవారు. ఒక కవి కలముపేరు గల సంస్థనుండి ఈ అల్లరి యంతయు వెలువడుట విచిత్రమే. నాగబాబుగారు, రోజాగారు న్యాయనిర్ణేతలు. మొదట అనసూయగారు, పిదప రష్మిగారు కార్యక్రమమును నడిపిరి. 2014లో శుక్రవారమునకు 'ఎక్స్‌ట్రా జబర్దస్త్' అను రెండవ శాఖ యేర్పడగా ఇద్దరును చెరియొక రాత్రిని పంచుకొనిరి. నాగబాబుగారు 2019లో వెడలిరి. రోజాగారు 2022లో మంత్రిపదవి వచ్చుటచే విరమించుకొనిరి. కార్యక్రమము మాత్రము నిలిచినది. అమెరికాలో 'సాటర్‌డే నైట్ లైవ్' అను ఇటువంటి హాస్యప్రదర్శన 1975నుండి నడచుచున్నదట. దానితో పోల్చినచో మనది ఇంకను బాలప్రాయమే. కాని వారమువారము కొత్తగా నవ్వించుట ఎంత కష్టమో ఒక్క వార్షికోత్సవమునకు హాస్యనాటిక వ్రాయుటకు కూర్చున్నవారి కెవరికైనను తెలియును.

పేరును గూర్చి యొక మాట. తెలుగున జబర్దస్తీ యనగా దౌర్జన్యము. హిందీలోను గుజరాతీలోను జబర్దస్త్ అనగా మిక్కిలి గొప్పదని అర్థము. మా కార్యాలయములోని గుజరాతీ మిత్రునకు ఈ పేరు చెప్పినప్పుడు "అంత గొప్పగా నుండునా?" అని యడిగినాడు. "రెండర్థములును సరిపోవును" అని చెప్పితిని.

ఈ నటుల బిరుదములు మీకు తెలిసినవే: రాకెట్ రాఘవ, చమ్మక్ చంద్ర, అదిరే అభి, హైపర్ ఆది, కిరాక్ ఆర్పీ, బుల్లెట్ భాస్కర్. శ్రీనాథుడు కవిసార్వభౌముడగుటకు డిండిమభట్టుతో వాదించి అతని కంచుఢక్కను పగులగొట్టింపవలసి వచ్చినదని చెప్పుదురు. వీరికి అంత శ్రమ లేకుండ ముందుగనే బిరుదము నిచ్చి, తగినట్లు నటింపుమని రంగముమీదికి తోసినారు. కొందరు బిరుదమునకు తగినవారైరి. కొందరికి బిరుదమే మిగిలినది.

ఇది పాశ్చాత్యుల అనుకరణ యని పెద్దలందురు. కాదని నా మనవి. మన పల్లెలలో పగటివేషగాండ్రు పట్టపగలు వీథిలో నిలిచి ఊరి పెద్దలను వారి యెదుటనే పరిహసించి, వారిచేతనే బియ్యము పెట్టించుకొనెడివారు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడును, బంగారక్కయు రామరావణ యుద్ధము మధ్య దూరి మాటలాడిన మాటలను ఈనాటి ఏ సెన్సారును అనుమతింపదు. వీరేశలింగము పంతులుగారి 'బ్రహ్మవివాహము' అను ప్రహసనమున ముసలివాని పెండ్లి యెంత నవ్వులపాలైనదో జ్ఞాపకము చేసికొనుడు. అది సంఘసంస్కరణము, ఇది వెకిలితనమని భేదము చెప్పవచ్చును. భేదము కలదు. కాని రెండింటికిని మూలధాతువొక్కటే.

మనముండు సూరతు నగరము సైతము హాస్యమునకు పుట్టినిల్లు. నవలరామ్ పండ్యాగారు మోలియేరు ప్రహసనమును 1867లో 'భట్‌నుం భోపాళుం' అను పేరుతో గుజరాతీలోనికి తెచ్చిరి. గుజరాతీ హాస్యరచయితలలో అగ్రగణ్యుడైన జ్యోతీంద్ర దవే 1901లో ఈ యూరనే పుట్టెను. ఇచ్చటివారు ప్రేమతో పలుకు తిట్లను మొదటిసారి విన్న తెలుగువాడు కొట్లాట జరుగునని పరుగెత్తును. రెండు సంవత్సరములు గడచిన తరువాత తానును నవ్వును.

ఇక నా అభిమాన నటులు. అందరిలో మొదట చెప్పదగినవాడు నా దృష్టిలో చమ్మక్ చంద్ర. ఆయన స్కిట్టులలో కథ యనునది యుండును. భార్యయు, భర్తయు, ఒక అనుమానము, నడుమ దూరిన యొక బంధువు: ఇంతే సామగ్రి. ఈ కొంచెముతో ఎనిమిది పది నిమిషములు ఇల్లంతయు కదలించును. ఆయన విసుగు క్రమముగా పెరుగు తీరు చూడుడు. మొదట సహనము, తరువాత నిట్టూర్పు, ఆ మీదట ఊపిరి తీయక కురిపించు మాటల వాన. అందులో ఒక్క అక్షరమైనను మింగుడుపడదు. ఉచ్చారణ యంత స్పష్టముగా నుండుట మన వార్తలు చదువువారికి సైతము అరుదు. మా యింట ఆయన స్కిట్టు వచ్చినప్పుడు నా భార్య నా వంక చూచును. నేను ఆమె వంక చూతును. ఆ తరువాత గంటసేపు మా యింట తగవుండదు.

ఆ భార్య వేషములు చాలకాలము పురుషులే వేసిరి. వినోద్, శాంతిస్వరూప్ మొదలగువారు చీర కట్టి రంగమునకు వచ్చినప్పుడు పెద్దలకు కంపరము పుట్టినమాట నిజము. అట్టి పెద్దలకే స్థానం నరసింహారావుగారి పేరు చెప్పినచో చేతులు జోడింతురు! స్థానంవారు సత్యభామగా రంగముమీద నిలిచినప్పుడు స్త్రీలు వారిని చూచి కొప్పు ముడుచుట నేర్చుకొనిరని చెప్పుకొందురు. 1956లో పద్మశ్రీ పొందిరి. ఆ మహానుభావునితో వీరిని సమానులనుట నా యుద్దేశము కాదు. స్థానంవారు స్త్రీని గౌరవించి వేషము కట్టిరి. ఇచ్చట పెక్కు సమయములందు వేషమును చూచియే నవ్వుమనుచున్నారు. అయినను, ఈ నటులలో నైపుణ్యము గలవారు కొందరు మాట విరుపులోను, చేతి విసురులోను మన పక్కింటి యమ్మగారిని అచ్చుగ్రుద్దినట్లు దింపినప్పుడు నవ్వినది వేషమునకు కాదు, పోలికకు. తరువాత రోహిణి, సత్యశ్రీ, ఫైమా మొదలగు స్త్రీలు వచ్చి తమ పాత్రలను తామే ధరించుట మేలైనది. రోహిణి రంగముమీద కాలు మోపినంతనే ఎదుటి నటుడు ఒకింత జాగ్రత్తపడుట గమనించితిని.

వేషధారణలో గెటప్ శ్రీను అసాధ్యుడు. బుల్లితెర కమల్‌హాసన్ అని అభిమానులు పిలుచుకొనుట అతిశయోక్తి యైనను నిరాధారము కాదు. ముసలివానిగా వంగిన నడుము, వెఱ్ఱివానిగా తిరిగిన కన్ను, ప్రముఖ నటునిగా మారిన గొంతు - వారమున కొక మనిషిని పుట్టించుట మాటలా? వరంగల్లువారైన నేరెళ్ల వేణుమాధవ్‌గారు గొంతుతో సాధించినదానిని శ్రీను దేహమంతటితో సాధింప యత్నించుచున్నాడని నా అభిప్రాయము. సుడిగాలి సుధీర్, ఆటో రాంప్రసాద్, శ్రీను ముగ్గురును కూడిన జట్టు మా పిల్లలకు ప్రాణము. రాంప్రసాద్ వ్రాయును, శ్రీను మారును, సుధీర్ దెబ్బలు తినును. ఈ మూడవ పని అన్నిటికంటె కష్టము. సుధీర్ ఇంద్రజాలము తెలిసినవాడు, నర్తకుడు, తరువాత చలనచిత్రములలో నాయకుడైనాడు. అట్టివాడు జట్టుకు నాయకుడై యుండియు, ప్రతివారము తననే పరిహాసమునకు గురిచేసికొనుట చూచితిని. తోడివారు తనను వెక్కిరించుచుండగా ఆయన ముందుగా నవ్వును. ఈ గుణము మన కార్యాలయములలోని పై యధికారులకు కొంచెమబ్బిన బాగుండును. ఇది యెవరిని ఉద్దేశించి చెప్పలేదు.

రాకెట్ రాఘవను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. ఎందరో వచ్చిరి, ఎందరో పోయిరి. ఆయన ఏండ్లతరబడి అచ్చటనే నిలిచి కుటుంబమంతయు కూర్చుండి చూడదగిన స్కిట్టులను చేయుచు వచ్చెను. ఆర్భాటము లేదు. అటువంటివారు ప్రతి కార్యాలయమునందును ఒకరుందురు.

హైపర్ ఆదిని గూర్చి నా మనస్సు రెండు విధముల పోవుచున్నది. ఇంజనీరింగు చదివి, అదిరే అభి జట్టులో చేరి, స్వల్పకాలములో తానే జట్టు నాయకుడైన వాడు. ప్రాసకు ప్రాస, మాటకు మాట, శ్వాస తిరుగులోపల నాలుగు పంచులు. ఆశుకవిత్వము చెప్పు అవధాని పృచ్ఛకునకు బదులిచ్చు వేగము ఆయన యందు కలదు. కాని ఆ పంచు ఎవరిమీద పడుచున్నది? ఎదుటివాని రంగు, లావు, వయస్సు, బట్టతల, ఇల్లాలు! వృద్ధనటుడైన అప్పారావుగారిమీదను, రైజింగ్ రాజుగారిమీదను పడిన మాటలకు నేనును నవ్వితిని. నవ్వి, తరువాత మంచినీళ్లు త్రాగుచు 'ఎందులకు నవ్వితిని?' అని అనుకొంటిని. 2021లో మరియొక కార్యక్రమమున బతుకమ్మ పండుగను గూర్చిన మాటలు తెలంగాణమువారిని నొప్పించినవని గొడవ జరుగగా ఆయన క్షమాపణ చెప్పవలసివచ్చెను. క్షమాపణ చెప్పుట గొప్పయే.

ఆ విషయమున నేను ఆయనను తప్పుపట్టుటకు అర్హుడను కాను. ఎందులకన, అంతకు ముందే నేను అదే తప్పు చేసితిని. మీలో పాతవారికి జ్ఞాపకముండును. 2019 ఉగాది సభలో మన పిల్లలచేత జబర్దస్త్ పద్ధతిలో ఒక స్కిట్టు వేయించితిమి. దానిని వ్రాసినవాడను నేనే. అందులో లింబాయత్‌నుండి వచ్చిన మరమగ్గపు పనివాడొకడు బ్యాంకులో ఫారము నింపలేక తికమకపడును. పాత్రకు నేను పెట్టిన మాట తెలంగాణపు మాట. మాది కృష్ణాతీరము. ఆ యాస నాకు సరిగా రాదు. రానిదానిని మరింత వంకరచేసి పిల్లలకు నేర్పితిని. సభ పగులబడి నవ్వెను. చప్పట్లు మ్రోగెను. నన్ను మెచ్చుకొనినవారు ఇప్పటికిని ఈ సభలో నున్నారు.

ఆనాడు వెనుకవరుసలో ఒక పద్మశాలి కుటుంబము కూర్చుండియుండెను. నేనే పిలిచితిని. ఆ పెద్దమనిషి సిరిసిల్ల ప్రాంతమునుండి యౌవనముననే సూరతు వచ్చి, పన్నెండు గంటల షిఫ్టులలో మగ్గము నడిపి, పిల్లలను చదివించినవాడు. సూరతు నగరపాలకసంస్థవారు తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడుపుచున్నారని మనలో నెందరికి తెలియును? మన పిల్లలు ఆంగ్ల మాధ్యమమున చదివి, తెలుగును జబర్దస్త్‌లో నేర్చుకొనుచున్నారు. ఆయన పిల్లలు తెలుగు బడిలో చదివి, తెలుగు అక్షరములు వ్రాయుచున్నారు. అట్టివారిని పిలిచి, వారి యెదుట వారి మాటను వేషము కట్టించితిమి. స్కిట్టు ముగియకముందే వారు లేచి వెడలిరి. భోజనమునకు నిలువలేదు.

వారము గడచిన పిమ్మట నేను వారింటికి పోతిని. కోపపడునని యనుకొంటిని. ఆయన టీ ఇప్పించి, నెమ్మదిగా ఇట్లనెను: "సారూ, నవ్వుకునుడు తప్పు గాదు. మేము సుత జబర్దస్త్ జూస్తం, నవ్వుతం. గని మీరు గా పొద్దు మా మాట ఇని నవ్విండ్రా, మమ్ముల జూసి నవ్విండ్రా, గది సమజ్ గాలే." నేను బదులు చెప్పలేకపోతిని. ఆ తరువాత ఆయన మన సభలకు రాలేదు. తరువాతి సంవత్సరమునుండి కరోనా వలన సభలే జరుగలేదు.

ఇప్పుడు నేను చివరిగా చెప్పదలచిన నటుని కడకు వచ్చితిని. ఆయన వేణు యెల్దండి. 2007లో 'మున్నా' చిత్రమున టిల్లు పాత్ర వేసి టిల్లు వేణు అని పేరుపొంది, జబర్దస్త్ తొలిదినములలో 'వేణు వండర్స్' అను జట్టును నడిపినవాడు. సిరిసిల్లవాడు. నిజము చెప్పవలెనన్న, ఆ దినములలో నేను ఆయనను ప్రథమశ్రేణి నటునిగా లెక్కింపలేదు. ఆయన వెడలిపోయినప్పుడు గమనింపనే లేదు. 2023 మార్చి 3వ తేదీన 'బలగం' విడుదలయ్యెను. దర్శకుడు వేణు. నిర్మించినది దిల్‌రాజుగారి సంస్థ. ప్రియదర్శి, కావ్య కళ్యాణ్‌రామ్ ముఖ్యపాత్రధారులు.

కథ మీకు తెలిసినదే. ఊరిలో కొమురయ్య యను వృద్ధుడు చనిపోవును. పిండము పెట్టగా కాకి ముట్టదు. ఎందుకు ముట్టదు? ఎప్పుడో భోజనము కడ నల్లిబొక్క కొరకు వచ్చిన తగవుచేత బావయు, బావమరదియు మాటలాడుకొనుట లేదు. ఈ చిన్న యెముక చుట్టు ఒక కుటుంబమంతయు విరిగియున్నది. నవ్వుచు ప్రారంభమై, చివర బుడగజంగాల దంపతులైన కొమురమ్మ, మొగిలయ్యగార్ల పాటకడ ప్రతివాని కంట నీరు పెట్టించును. తెలంగాణ పల్లెలలో రచ్చబండలకడ తెర కట్టి ఊరంతయు కూర్చుండి ఈ చిత్రమును చూచిరని పత్రికలు వ్రాసినవి. ఇందలి 'ఊరు పల్లెటూరు' పాటను వ్రాసిన కాసర్ల శ్యామ్‌గారికి 71వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఉత్తమ గీతరచయిత బహుమానము లభించినది.

నేను దానిని ఇంటిలో చూచితిని. నన్ను కదలించినది కథ మాత్రమే కాదు. నేను 2019లో వెక్కిరించిన ఆ యాసయే ఆ చిత్రమున తండ్రిని తలచుకొని ఏడ్చుచున్నది, చెల్లెలిని పిలుచుచున్నది, క్షమింపుమని వేడుచున్నది. అందును హాస్యమున్నది, చావింటిలో సైతము నవ్వున్నది. కాని ఎవరిని చూచియు నవ్వుమనలేదు. తన యూరివారితో కలసి నవ్వుమనినాడు. జబర్దస్త్‌లో ఎనిమిది నిమిషములలో నవ్వించుటకు పడిన పాట్లు ఆయనకు ఇచ్చట ఉపకరించియుండునని నా ఊహ. ఎచ్చట నవ్వు ఆగవలెనో తెలియుటకు ఎన్నోసార్లు నవ్వించియుండవలెను. ఆయన సహచరుడైన ధన్‌రాజ్ సైతము 2025లో 'రామం రాఘవం' అను తండ్రీకొడుకుల కథకు దర్శకత్వము వహించుట చూడగా, ఈ హాస్యనటుల గుండెలో నేమున్నదో మనము సరిగా తెలిసికొనలేదనిపించును.

చిత్రము చూచిన మరునాడు లింబాయత్‌కు పోతిని. ఆ పెద్దమనిషి అప్పటికే చూచియుండెను, మనుమరాలి ఫోనులో. చాలసేపు మాటలాడలేదు. తన తండ్రి పోయినప్పుడు మగ్గము విడిచి పోలేక, దినమునకు ఊరు చేరలేకపోయితినని చెప్పెను. ఆ యెండలలోనే ఆయన నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్లు దిగి, అచ్చటనుండి బస్సులో తన యూరికి పోయి, విడిపోయిన తమ్మునింట వారము దినములుండి వచ్చెను. తిరిగివచ్చినప్పుడు నాకు సకినములు తెచ్చి ఇచ్చెను. నేను 2019 నాటి మాట యెత్తబోతిని. "గది ఇడిసిపెట్టు సారూ" అనెను.

విడిచిపెట్టుటకు నాకు మనసొప్పలేదు. అందుచేత ఈ సంవత్సరము కార్యవర్గమువారిని ఒకటే కోరితిని. పిల్లల స్కిట్టును ఈసారి లింబాయత్ తెలుగుబడి పిల్లలు వ్రాయవలెననియు, మన పిల్లలు వారితో కలసి నటింపవలెననియు. కార్యవర్గములో కొంత చర్చ జరిగినది. ఒకరిద్దరు మొగము ముడుచుకొనిరి. చివరకందరును అంగీకరించిరి. వారికి నా కృతజ్ఞతలు.

ఆ పిల్లలందరు ఇప్పుడు తెరవెనుక సిద్ధముగా నున్నారు. వ్రాసినది ఆయన మనుమరాలే. ఆయన ఈనాడు మొదటివరుసలో కూర్చుండియున్నారు. అందులో ఒక కేంద్రప్రభుత్వోద్యోగి పాత్ర కలదట. వాడు కృష్ణాజిల్లా మాట మాటలాడునట, ఎవరే ఫారము తెచ్చినను "రేపు రండి" అనునట. నాకు ముందుగా చూపలేదు. నేను పోయి ఆయన ప్రక్కన కూర్చుండెదను. ఇక తెర తీయుదురు గాక!